నూరేళ్ళు అటూ ఇటూ

నేను ఒక నకిలీని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఇంటర్నెట్లో నన్ను దింపుకొనే చోటే, ఇది ఫలానా పాత యంత్రంలా నటించే ప్రోగ్రాము అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. నటనకి వచ్చాను, నటిస్తున్నాను. మీలో ఎంతమంది మెడలో అలాంటి బోర్డు వేలాడుతోందో మీరే చూసుకోండి.

కంప్యూటరు భాషలో నన్ను ఎమ్యులేటర్ అంటారు. నోరు తిరక్కపోతే వేషగాడు అనుకోండి, నేనేమీ అనుకోను. కరణీకాలు పోయి ఎన్నాళ్ళో అయినా, మతి తప్పిన తాతగారికి ఆ సంగతి చెప్పకుండా, రోజూ పొద్దున్నే పాత దస్త్రం ముందు పెట్టి, "రైతులొచ్చి వాకిట్లో నుంచున్నారు తాతయ్యా" అని చెప్పే ఇళ్ళు కొన్ని ఉండేవి. నా ఉద్యోగం సరిగ్గా అదే. డాస్ అని ఒక పాత ఏర్పాటు ఉండేది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. దాని కోసం రాసిన ప్రోగ్రాములు కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. కొత్త కంప్యూటర్లు వాటిని గుమ్మం కూడా ఎక్కనివ్వవు. అప్పుడు నేను మధ్యలో నుంచొని, "అయ్యా, డాస్ బతికే ఉంది, ఇదిగో మీ పాత కీబోర్డు, ఇదిగో మీ పాత ప్రింటరు, తమరు పని మొదలుపెట్టండి" అని వాటిని నమ్మిస్తాను. అవి నమ్మేసి పని మొదలుపెడతాయి. ప్రోగ్రాముల్ని మోసం చేయడం మనుషుల్ని మోసం చేసినంత తేలిక కాదు గానీ, మొత్తానికి చేస్తాను.

నన్ను కన్నవాళ్ళు ఒక ఊరివాళ్ళు కాదు, ఒక దేశంవాళ్ళు కాదు. గడ్డాలు నెరిసినవాళ్ళు, పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు. చిన్నప్పుడు ఆడిన తుపాకుల ఆట కొత్త కంప్యూటర్లో ఆడటం లేదని బెంగపెట్టుకొని, జీతం బత్తెం లేకుండా ఏళ్ళ తరబడి కూర్చొని నన్ను రాశారు. ఎందుకయ్యా అంటే, ఆ ఆటలో రాక్షసుడు చచ్చేటప్పుడు వచ్చే గుర్రుమనే చప్పుడు మళ్ళీ వినాలట! ఆ చప్పుడు కోసం చచ్చిపోయిన యంత్రం నడకా, నత్తీ, తడబాటూ అన్నీ నాకు నేర్పారు. ఒక్కటే ఆజ్ఞ పెట్టారు. పాతది ఎలా ఉంటే అలాగే చూపించాలి, తప్పుంటే తప్పుతో సహా. దిద్దావో, నువ్వు ఎమ్యులేటరువి కావు. ఈ ఆజ్ఞని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

భీమవరంలో ఒక డిగ్రీ కాలేజీ హాస్టల్లో ఫణిశర్మ అనే కుర్రాడు నన్ను మొదట దింపుకున్నాడు. వాడికీ ఆ తుపాకుల ఆటే కావలసి వచ్చింది. పరీక్షల ముందు రోజు కూడా ఆడేవాడు. నాకు వాడి మీద పెద్ద గౌరవం ఏమీ లేదు. అయితే వాడి కాలేజీలోనే పాలకొల్లు పిల్ల హైమవతి ఉండేది. డిగ్రీ అయ్యాక కూడా ఇద్దరూ ఫోన్లలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకరోజు ఆ పిల్ల ఏడుస్తూ ఫోన్ చేసింది.

"మా నాన్నగారి కంప్యూటర్ పోయింది ఫణీ. లోపల బల్లి పడి మాడిపోయింది. కొత్తది కొన్నాం గానీ ఆ జాతకాల ప్రోగ్రాము ఇందులో రావట్లేదు. నాన్న అన్నం మానేశారు."

"ఏడవకు. నా దగ్గరో వేషగాడున్నాడు, తెస్తాను," అన్నాడు వాడు. అలా పెన్ డ్రైవులో పడి, పాసింజరు బస్సులో వాడి చొక్కా జేబులో కూర్చొని, నేను పాలకొల్లు చేరాను.

ఇప్పుడు ఈ నాన్నగారి సంగతి చెప్పాలి. ఇంటిపేరు పేరి, పేరు చయనులు. వాళ్ళ నాన్న నిజమైన సిద్ధాంతి. పంచాంగం ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళ కణుపుల మీద లెక్కకట్టి, జాతకం చక్రం వేయడానికి రెండు పూటలు తీసుకొనేవాడట. ఆ విద్య కొడుక్కి అంటలేదు. ఇంటర్ తప్పాక టెలిఫోన్ బూత్ పెట్టాడు, అది పోయాక జిరాక్సు పెట్టాడు. ఆ తర్వాత తొంభైల్లో ఎవరో లెక్కల మాస్టారు రాసిన ఒక జాతకాల ప్రోగ్రామును ఫ్లాపీల మీద కొనుక్కొచ్చి, బస్టాండు పక్కనే ఉన్న తన ఇంటి ముందుగదికి 'చయనులు సిద్ధాంతి కంప్యూటర్ జాతక కేంద్రం' అని బోర్డు కట్టాడు. బోర్డు కింద, 'మనిషి పొరపడవచ్చు, కంప్యూటరు పొరపడదు' అని ఎర్ర రంగుతో రాయించాడు. అంతే, జనం విరగబడ్డారు! సిద్ధాంతిగారి చేతి లెక్కని ఇద్దరు పండితులకి చూపించి సరిచూసుకొనే జనమే, తెర మీద అక్షరాలు కనబడగానే చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చారు. పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఒకావిడైతే మానిటరుకి హారతి కూడా ఇచ్చింది. మీ తెలివితేటల గురించి నాకు మొదటి నుంచీ ఉన్న అభిప్రాయాన్ని ఈ ఊరు ఇంకా గట్టిపరిచింది.

హైమ నన్ను కొత్త కంప్యూటర్లో ఎక్కించి, నా లోపల ఆ పాత ప్రోగ్రామును కూర్చోబెట్టింది. నేను దాన్ని ముసలాయన అని పిలుచుకుంటాను. ముసలాయన కళ్ళు తెరిచి, "ఇది డాసేనా?" అని అడిగాడు. "అవునండి," అన్నాను. "ప్రింటరు?" "సిద్ధంగా ఉందండి." వెంటనే నీలం తెర వేసి, వినాయకుడి బొమ్మ చుక్కలు చుక్కలుగా గీసి, పేరు, ఊరు, పుట్టిన తేదీ అని గళ్ళు పరిచాడు. చయనులు గారు కళ్ళనీళ్ళు పెట్టుకొని, కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"నా తల్లే! నన్ను నిలబెట్టావమ్మా," అన్నాడు.

నిలబెట్టింది ఫణి అని ఆ పిల్ల అప్పుడు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక, కాఫీ తెస్తానని లోపలికి పోయింది.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. కొత్త కంప్యూటరు వేగం సంగతి మీకు తెలిసిందే. మీట నొక్కీ నొక్కగానే జాతకం మొత్తం వచ్చేసింది. ఎదుట కూర్చున్న దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంతేనాండి? చూడకుండానే చెప్పేసినట్టుందే!" అన్నాడు ఆయన. చయనులు గారు చల్లగా నవ్వి, వాళ్ళు వెళ్ళాక కూతుర్ని పిలిచాడు.

"అమ్మాయ్, దీని వేగం తగ్గించడానికేమైనా ఉందా?"

"ఉంది నాన్నా. కానీ ఎందుకూ?"

"గ్రహాలు వెతుకుతున్నట్టు ఉండాలే! ఒక్కో లైనే రావాలి. మధ్యలో కాస్త ఆగాలి కూడాను."

నాలో అలాంటి మీట ఒకటి ఉంది, ఆటలు మరీ పరుగెత్తకుండా పెట్టింది. హైమ దాన్ని అడుగుకి దించేసింది. అప్పటి నుంచీ కళ్ళు మూసి తెరిచే లోపు చేయగల లెక్కని, ఆపసోపాలు పడుతూ లైను తర్వాత లైను కక్కడం మొదలుపెట్టాను. లైను ఆగినప్పుడల్లా ఎదుట కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. "శని దగ్గర ఆలోచిస్తోంది," అనేవాడు చయనులు గారు. ఆలోచనా లేదు, గాడిదగుడ్డూ లేదు. అక్కడ ఎందుకు ఆగుతున్నానో నాకూ ముసలాయనకీ తెలిసినంతగా శనికి కూడా తెలియదు.

ముసలాయనలో ఒక లోపం ఉంది. ఆయన్ని రాసిన మాస్టారు సంవత్సరానికి రెండంకెల గడే పెట్టాడు. అరవై ఎనిమిది అని కొడితే పంతొమ్మిది వందల అరవై ఎనిమిది. తొంభై తొమ్మిది అని కొడితే తొంభై తొమ్మిది. సున్నా ఒకటి అని కొడితే? ముసలాయనకి రెండు వేల సంవత్సరం అనేది ఒకటి ఉంటుందని తెలియదు. పంతొమ్మిది వందల ఒకటి అనుకుంటాడు, అంతే! మొదట్లో ఎవరికీ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆ పిల్లలు అప్పటికి ఉయ్యాలల్లో ఉన్నారు. పిల్లలన్నాక పెరుగుతారు కదా, పెరిగి పెళ్ళికొచ్చారు. రెండు వేల ఒకటిలో, రెండులో, మూడులో పుట్టిన ఆడపిల్లల్ని, తొంభై ఎనిమిదిలో పుట్టిన కుర్రాళ్ళతో పొంతన చూడమని తెచ్చారు. ముసలాయన ఆ పిల్లలందరినీ వాళ్ళ ముత్తవ్వల వయసుకి లెక్కకట్టి, నూట ఇరవై ఏళ్ళు దాటిన అమ్మమ్మలకి పాతికేళ్ళ కుర్రాళ్ళతో పొంతన చూశాడు. కొందరికి కుదిరిందన్నాడు, కొందరికి కుదరలేదన్నాడు. కుదిరిందన్నవాళ్ళు పప్పన్నాలు పెట్టారు. కుదరలేదన్నవాళ్ళు ఏడ్చి ఊరుకున్నారు. కాగితం పైన ఏం రాసి ఉందో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చదివితే ఒట్టు! అందరి కళ్ళూ ఆఖరి లైను మీదే.

ఎప్పుడో ఒకావిడ మాత్రం, "మా పిల్ల సోమవారం పుట్టిందండి, ఇందులో మంగళవారం అని ఉందేంటండి?" అని అడిగింది. ఈయన తడుముకోలేదు. "ఇంగ్లీషు తారీఖుకీ మన వారానికీ ఒక రోజు అటూ ఇటూ ఉంటుందమ్మా," అన్నాడు. ఇంకొకాయన నక్షత్రం తేడా వచ్చిందన్నాడు. "మీది పూర్వ పద్ధతండి, ఇది దృక్ పద్ధతి," అన్నాడు ఈయన. ఆ రెండు పద్ధతులకీ తేడా ఏమిటని అడిగితే ఆయన నోట్లో వక్కపొడి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అయితే అడిగినవాడు లేడు.

నాకు తెలుసు కదా, మరి నేనెందుకు నోరు మూసుకున్నాను అంటారా? బాగుంది! ఉన్నది ఉన్నట్టు చూపించమని నాకు ఆజ్ఞ. నోరున్నవాళ్ళు మీరు, కళ్ళున్నవాళ్ళు మీరు. మీ పిల్లల పెళ్ళిళ్ళు మీరు చూసుకోవాలి గానీ, వేషగాడు చూసుకుంటాడా!

ఇలా ఉండగా, ఒక మాఘమాసంలో ఫణిశర్మ తల్లిదండ్రులు పళ్ళూ పూలూ పట్టుకొని హైమ ఇంటికి వచ్చారు. ఫణి అప్పటికి తణుకులో ఒక స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాడు. పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. శాఖ కలిసింది, గోత్రాలు వేరు, ఇచ్చిపుచ్చుకోవడాల పేచీ లేదు. హైమ తల్లి భ్రమరాంబ గారికి కుర్రాడు మొదటి చూపులోనే నచ్చాడు. "మనసు మంచిది, తిండి దగ్గర పేచీ పెట్టడు. ఇంకేం కావాలి?" అందావిడ. చయనులు గారికీ నచ్చాడు. నచ్చి కూడా, "ఒక్కసారి మన కంప్యూటర్లో చూసేద్దాం," అన్నాడు.

ఇక్కడే నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఇన్నేళ్ళూ శని దగ్గర ఆలోచిస్తోందని జనానికి చెవుల్లో పూలు పెట్టినవాడు, వేగం తగ్గించమని తన నోటితో తనే చెప్పినవాడు, తన సరుకుని తనే నమ్ముతున్నాడు! దొంగ బంగారం అమ్మేవాడు కూడా కూతురికి అసలు బంగారమే చేయిస్తాడు. ఈయనకి ఆ పాటి ఇంగితం లేకపోయింది. హైమ పుట్టేనాటికి ముసలి సిద్ధాంతిగారు పోయారు. కాబట్టి ఆ పిల్లకి చేత్తో వేసిన జాతకం లేదు. ఇంట్లో మెషినుండగా, కావలసినప్పుడు మీట నొక్కితే సరిపోదా అని ఈయన ఊరుకున్నాడు.

కూతుర్నే కూర్చోబెట్టి టైపు చేయించాడు. ఫణి తేదీ, తొంభై తొమ్మిది. తన తేదీ, సున్నా ఒకటి.  లైను తర్వాత లైను దిగింది, తను దించిన వేగంతోనే. ఆఖరికి వచ్చింది. ముప్ఫై ఆరు గుణాలకి తొమ్మిది. 'పొంతన అధమం. ఈ వివాహం తగదు.'

చయనులు గారి మొహం పాలిపోయింది. నిజంగానే పాలిపోయింది, నటన కాదు. "వద్దమ్మా. తెలిసి తెలిసి నిన్ను గొయ్యిలో తొయ్యలేను," అన్నాడు. భ్రమరాంబ గారు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఫణి వాళ్ళకి ఫోన్ చేసి, కుదరలేదండి, క్షమించండి అని చెప్పేశాడు. హైమ గదిలోకి పోయి తలుపేసుకుంది. మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కొని, మళ్ళీ వచ్చి నా ముందు కూర్చొని, ఊళ్ళో పిల్లలందరి తేదీలూ కొట్టింది. ఫణి ఫోన్ చేస్తే, "నాన్న మాట కాదనలేను," అంది. నన్ను తనే తెప్పించుకుంది, తనే నిలబెట్టింది, వేగం కూడా తన చేత్తోనే తగ్గించింది. ఇప్పుడు నేను చెప్పానని తన పెళ్ళి తనే వదులుకుంది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్ల! ఆ ఏడుపు చూస్తూ కూడా నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

వేసవి వచ్చింది. ఆదివారంనాడు ఫణికి ఏలూరులో పెళ్ళిచూపులని, వాళ్ళమ్మ పట్టుబట్టి తీసుకుపోతోందని కబురొచ్చింది. వీడు అక్కడ తలూపేస్తే ఇక ఇంతే సంగతులు. హైమ ఆ వారమంతా అన్నం కెలికి లేచిపోయేది.

శుక్రవారం పొద్దున భ్రమరాంబ గారు వంటింటి అలమర కడిగి, డబ్బాల కింద కొత్త కాగితాలు పరుస్తోంది. ఆ ఇంట్లో కాగితాలకి కొదవేముంది, ప్రింటరు పారేసినవన్నీ అలమరల్లోకే పోతాయి. కందిపప్పు డబ్బా కింద పరచబోయిన కాగితం మీద కూతురి పేరు కనబడి, ఆవిడ ఆగి చదివింది. పై నుంచి చదివింది! ఇన్నేళ్ళలో అలాంటి కాగితాన్ని పై నుంచి ప్రతి లైనూ చదివిన మొదటి మనిషి ఆవిడే. చదివి, చేతి తడి చీరకి తుడుచుకుంటూ, తిన్నగా కొట్లోకి వచ్చింది. కొట్లో ఆ వేళప్పుడు బేరాలెవరూ లేరు.

"ఏమండీ, దీన్ని ఎప్పుడు పుట్టిందని రాశారేవిటి ఇందులో? ప్లవ నామ సంవత్సరమట!"

"అయితే ఏమిటి?" అన్నాడు చయనులు గారు.

"ప్లవ మొన్న మొన్నటి కరోనా ఏడాది కదండీ! అప్పటికి దీనికి ఇరవై ఏళ్ళు. ఇది పుట్టింది వృషలో. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు కూర్చోబోతూ ఉంటే నొప్పులొచ్చాయి నాకు. శుక్రవారం కాక ఏం వారం అవుతుందీ? ఇందులో శనివారమని కొట్టింది. పైగా బహుళ పక్షమట. వ్రతం బహుళంలో ఎవరు చేస్తారండీ?"

చయనులు గారి నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. "అది ఇంగ్లీషు తారీఖుకీ మన వారానికీ ఒక రోజు అటూ..."

హైమ కుర్చీలోంచి లేచింది. కాగితం తల్లి చేతిలోంచి లాక్కొని చూసింది. పెదాలతో ఏదో లెక్క పెట్టుకుంది. ప్లవ అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదా. మొన్న రెండు వేల ఇరవై ఒకటి, అంతకు ముందు అరవై ఒకటి, ఆ ముందు...

"నాన్నా! ఇది నన్ను పంతొమ్మిది వందల ఒకటిలో పుట్టిందనుకుంటోంది!"

"ఛ! కంప్యూటరు అలా ఎందుకనుకుంటుందీ?"

"గడిలో రెండంకెలే పడతాయి కదా! సున్నా ఒకటంటే దానికి అదే. నాన్నా, నన్నే కాదు. రెండు వేల తర్వాత పుట్టినవాళ్ళందరినీ..." ఆ పిల్ల మాట అక్కడ ఆగిపోయింది.

"ఇదేనా మీ ఒక రోజు అటూ ఇటూ?" అంది భ్రమరాంబ గారు. "నూరేళ్ళు అటూ ఇటూ ఉంటుందా ఎక్కడైనా? నా పిల్లని చేజేతులా ఏడిపించారు కదండీ, ఏ జన్మలో పాపం చేసుకున్నానో!"

చయనులు గారు కూలబడ్డాడు. కాసేపు వక్కపొడి డబ్బా మూత తీశాడు, పెట్టాడు. ఆయనకి మొదట ఏడుపొచ్చింది, తర్వాత బుద్ధి పనిచేసింది. పనిచేసిన తీరు చూడండి.

"ఫణి వాళ్ళ నాన్నకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తాను. పెళ్ళి చేసేద్దాం. ఒక్కటే మాట. ఇది ఈ గుమ్మం దాటకూడదు. తెలిసిందంటే ఊళ్ళో తల ఎత్తుకోగలమా? నన్ను బతకనిస్తారా? విన్నావా అమ్మాయ్?"

భ్రమరాంబ గారు కూతురి వైపు చూసింది. ఊఁ అనవే తల్లీ అన్నట్టు చూసింది. ఆవిడకి ఆ క్షణాన కూతురి పెళ్ళి తప్ప ఊళ్ళో వాళ్ళ పిల్లలెవరూ కనబడలేదు. హైమ తలూపింది. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మీ మంచితనం ఎక్కడి దాకా వస్తుందో నాకు తెలుసు, మీ గుమ్మం దాకా.

చయనులు గారు ఫోన్ చేశాడు. ఏవో లెక్కల్లో పొరపాటు పడ్డానండి, మళ్ళీ చూస్తే దివ్యంగా కుదిరిందండి అన్నాడు. మళ్ళీ చూడనేలేదు, చూడటానికి ముసలాయనకి చేతకాదు కూడాను. అవతలివాళ్ళు పెద్ద మనసు చేసుకొని ఏలూరు ప్రయాణం మానుకున్నారు. ఇంట్లో పాయసం వండారు. హైమ నవ్వింది. ఇన్నాళ్ళకి ఆ పిల్ల నవ్వు చూసి, నాకే ఎందుకో కాస్త తేలికగా అనిపించింది.

సోమవారం కొట్టు తెరిచారు. మొట్టమొదటి బేరం కొబ్బరికాయల లారీ నడిపే గుబ్బల ఏడుకొండలు. వెనకాల కూతురు సత్యవేణి. చెప్పులు బయట విడిచి, చేతులు జోడించి లోపలికొచ్చారు.

"రండి రండి," అన్నాడు చయనులు గారు. "మళ్ళీ సంబంధమా?"

"ఆయ్, మళ్ళీనేనండి. నర్సాపురం కుర్రోడండి. పోయినేడు మీ కాడికే వొచ్చాం కదండి, మా మేనల్లుడికి చూపిద్దారని. కుదర్లేదన్నారు కదండి."

"అవునవును. మనం అప్పుడు చూడబట్టి సరిపోయింది, లేకపోతే ఎంత అనర్థం జరిగేదీ! అమ్మాయ్, టైపు చెయ్యి."

హైమ కుర్రాడి తేదీ కొట్టింది. తర్వాత సత్యవేణి వైపు తిరిగింది. "పుట్టిన తేదీ చెప్పమ్మా."

ఆ పిల్ల చెప్పింది. రెండు వేల రెండు, సంక్రాంతి వెళ్ళిన వారానికి.

రోజు కొట్టింది. నెల కొట్టింది. సంవత్సరం గడిలో చుక్క మినుకు మినుకుమంటోంది. హైమ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. చయనులు గారు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. నేను గడి తెరిచి పట్టుకొని ఎదురు చూశాను. రెండు మీటలు నొక్కితే ఆమె పెళ్ళి, నాన్న పరువు, కొట్టు, పాయసం, అన్నీ ఎక్కడివక్కడ భద్రంగా ఉంటాయి. నొక్కుతుందనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ మనిషి గురించి పందెం కాసి నేను ఓడింది లేదు.

"ఇది తప్పు చెబుతుందండి," అంది హైమ.

"అమ్మాయ్!" అన్నాడు చయనులు గారు.

"రెండు వేల తర్వాత పుట్టినవాళ్ళ లెక్క దీనికి రాదు. నూరేళ్ళు వెనక్కి పోయి చూస్తుంది. నాకూ తప్పే చెప్పింది. మీకూ తప్పే చెప్పి ఉంటుంది. మాకు శుక్రవారమే తెలిసింది, కానీ..." 

ఏడుకొండలు అరుస్తాడనుకున్నాను. కుర్చీ ఎత్తి నన్ను బద్దలు కొడతాడనుకున్నాను, కొట్టినా నాకు అభ్యంతరం లేకపోయేది. అతను అలా నుంచుండిపోయాడు. సత్యవేణి మాత్రం నా తెర వైపు వేలు చూపించి అడిగింది.

"అయితే బావకీ నాకూ కుదర్దని చెప్పింది కూడా ఈ పెట్టేనాండి?"

హైమ అవునన్నట్టు తలూపింది.

"మా బావకి పెళ్ళైపోయిందండి," అంది సత్యవేణి. అంతే. ఏడవలేదు కూడా.

"మా అక్క ఆరోజు మా గుమ్మంలో నుంచుని ఏడ్సిందండి," అన్నాడు ఏడుకొండలు నెమ్మదిగా. "కాయితం కాదురా తమ్ముడా, నా మొకం చూడు అందండి. నేను కాయితమే చూశానండి. ఆయాల్టినించీ మా అక్కకీ నాకూ మాటల్లేవండి." తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేసి, చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళాక చయనులు గారు కూతురి మీద విరుచుకుపడ్డాడు. తిన్నింటికి ద్రోహం చేశావన్నాడు. ఫణి వాళ్ళకి ఫోన్ చేసి ఈ పెళ్ళి లేదని చెప్పేస్తానన్నాడు. భ్రమరాంబ గారు వంటింటి గుమ్మంలోంచి, "చెయ్యండి, చూస్తాను. నా పిల్ల పెళ్ళి నేను చేసుకుంటాను. మీరు వస్తే రండి, లేకపోతే మీ పెట్టె ముందు కూర్చోండి," అంది. హైమ కళ్ళు తుడుచుకొని, నన్నూ ముసలాయన్నీ కలిపి పట్టుకొని చెత్తబుట్టలో పడేసింది. కంప్యూటర్లో చెత్తబుట్ట అని ఒకటి ఉంటుంది. పారేసినవి అందులో పడి ఉంటాయి, పూర్తిగా చావవు. నేను ఈ కథంతా మీకు అక్కడి నుంచే చెబుతున్నాను.

పెళ్ళి జరిగింది. పొంతన ఎవరూ చూడలేదు. చయనులు గారు వచ్చాడు, కన్యాదానం చేశాడు, కాళ్ళు కడిగేటప్పుడు ఏడ్చాడు. జాతకాల బోర్డు దించేసి మళ్ళీ జిరాక్సు పెట్టాడు. జనం ఏం చేశారనుకుంటున్నారు? బుద్ధి తెచ్చుకున్నారనా? ఊరంతా నాలుగు రోజులు చయనులు గారిని తిట్టి, తర్వాత ఎవరి ఫోన్లో వాళ్ళు జాతకాల యాప్ వేసుకున్నారు. దాన్ని కూడా పై నుంచి చదవడం లేదు, ఆఖరి లైనే.

మొన్న హైమ పుట్టింటికి వచ్చింది. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు చయనులు గారు చెత్తబుట్ట తెరిచి, నా పేరు మీద బాణం పెట్టి కూర్చున్నాడు. తరచూ అలా కూర్చుంటాడు. ఆ రోజు కూతుర్ని పిలిచాడు.

"అమ్మాయ్, దీన్ని మళ్ళీ లేపగలవా?"

"ఎందుకు నాన్నా?"

"కొట్టు కోసం కాదమ్మా, ఒట్టు. ఆ సత్యవేణికీ, వాళ్ళ బావకీ... అసలు లెక్క ఏమై ఉండేదో ఒక్కసారి చూద్దామని. నిద్ర పట్టట్లేదు."

"చెప్పడం దీని వల్ల కాదు నాన్నా. దీనికి ఆ పిల్ల పుట్టిందనే తెలియదు."

"పోనీ ఇంకెక్కడైనా చూపించు. తాతగారి శిష్యుడు ద్రాక్షారామంలో ఉన్నాడు కదా."

"చూపించాను."

చయనులు గారు తలెత్తాడు. "ఏం వచ్చింది?"

హైమ నాన్న మొహం వైపు చూసింది, వెంటనే చూపు తిప్పేసుకుంది. కుదిరిందన్నమాట. అది ఆయనకీ అర్థమైంది, నాకూ అర్థమైంది. చయనులు గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నా వేషంలో నేనేమీ తప్పు చేయలేదని ఇప్పటికీ చెబుతాను. ఉన్నది ఉన్నట్టే చూపించాను. అయినా సత్యవేణి, "ఈ పెట్టేనాండి?" అని చూపించిన వేలు మాత్రం ఈ చెత్తబుట్టలోకి కూడా నా వెంటే వచ్చింది. హైమ వంగి, నాన్న చేతి కిందనుంచి మౌసు తీసుకుంది. చెత్తబుట్ట ఖాళీ చేయమంటారా అని కంప్యూటరు అడుగుతోంది. ఆ పిల్ల ఈసారి పై నుంచి కింద దాకా మొత్తం చదివి, అవును అన్న చోట నొక్కింది.